ముందుగా ఫోన్ చేసిన మనిషికి తోడు ఎవరు?

ప్రశ్న: నమస్తే డాక్టర్ గారూ. నేను నాలుగేళ్లుగా పశువైద్య సహాయకురాలిగా పనిచేస్తున్నాను. పోయినేడాది మా పరిధిలో పశువులకు గాలికుంటు జబ్బు వచ్చింది. పోస్టర్లు అంటించాం, మైకులో చెప్పాం, వాట్సాప్‌లో మెసేజ్‌లు పెట్టాం. తెల్లారేసరికి చాలామంది పశువులను అమ్మకానికి తోలేశారు. కొందరు జబ్బు పశువులను వెనక కొట్టాల్లో దాచేశారు. అందరికంటే ముందు మాకు ఫోన్ చేసిన రైతునే చుట్టుపక్కలవాళ్లు తప్పుబట్టారు, 'నీ వల్లే మార్కెట్ మూశారు' అని. ఇప్పటికీ ఆయనతో సరిగా మాట్లాడరు. ఈసారి జబ్బు రాకముందే ప్రజలను సిద్ధం చేసే ప్రణాళిక తయారుచేయమని నాకు అప్పగించారు. పైవాళ్లేమో 'ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా నోరు విప్పొద్దు, జనం భయపడతారు' అంటున్నారు. చెబితే భయం, చెప్పకపోతే పుకార్లు. చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ మొదలుపెట్టాలి?
– ఒక పశువైద్య సహాయకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో పోస్టర్లు, మైకు, పైవాళ్ల ఆదేశాలు అన్నీ ఉన్నాయి. చదువుతున్నంతసేపూ నా మనసు మాత్రం ముందుగా ఫోన్ చేసిన ఆ రైతు దగ్గరే ఉంది. ఏడాది అయిందన్నారు. ఈ ఏడాదిలో మనవాళ్లు ఎవరైనా ఆయన ఇంటికి వెళ్లి, 'మీరు చెప్పబట్టే మేం త్వరగా రాగలిగాం' అని ఒక్క మాట అన్నారా? అనకపోయి ఉంటే మీ ప్రణాళిక మొదలుకావాల్సింది ఆ ఇంటి నుంచే.

ఎందుకో చెబుతాను. పశువు మేత మానేసి, చొంగ కారుస్తూ, కుంటుతూ కనిపించిన రాత్రి యజమాని మనసులో ఒక లెక్క నడుస్తుంది. ఫోన్ చేస్తే పశువులను బయటికి వదలొద్దంటారు. పాలు ఎవరూ తీసుకోరు. మార్కెట్ మూస్తారు. కొన్ని జబ్బులకైతే మంద మొత్తాన్ని చంపేస్తారు. నలుగురిలో తలెత్తుకోలేడు. మరి ఫోన్ చేయకపోతే? అది మామూలు పుండే కావచ్చు, నాలుగు రోజుల్లో మానిపోవచ్చు. ఈ లెక్కలో మన పోస్టర్‌కు చోటెక్కడుంది? గాలికుంటు ఎలా వస్తుందో మనం ఎన్నిసార్లు వివరించినా, ఫోన్ చేస్తే ఏమవుతుందో మాత్రం అందరూ ఆ రైతును చూసి తెలుసుకున్నారు. వచ్చే ఏడాది వాళ్లకు గుర్తుండేది అదే.

నా సంగతి కూడా చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకాయన తన గొర్రెలు చనిపోతున్నాయని పిలిస్తే వెళ్లి శాంపిల్ తీసుకొచ్చాను. ఫలితం వచ్చింది, భయపడాల్సిన జబ్బు కాదు. కాగితం ఫైల్‌లో పెట్టాం, పైఆఫీసుకు పంపాం. ఆయనకు చెప్పాలన్న ఆలోచన నాకు రాలేదు. రెండేళ్ల తర్వాత ఆయన మందలో నిజంగానే పెద్ద జబ్బు వచ్చింది. ఆ కబురు నాకు వేరేవాళ్ల ద్వారా, చాలా ఆలస్యంగా తెలిసింది. ఎందుకు పిలవలేదని అడిగితే, 'పోయినసారి పిలిస్తే ఏం చెప్పారు సార్?' అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఇన్నేళ్లయినా ఆ మాట గుచ్చుకుంటూనే ఉంది.

సమాచారం ఆలస్యమైతే జరిగే నష్టానికి 2001లో బ్రిటన్‌కు వచ్చిన గాలికుంటు కంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు. ఫిబ్రవరి 19న ఎసెక్స్‌లోని ఒక కబేళాలో పందులను చూసి అనుమానించారు, మర్నాడు నిర్ధారించారు. జబ్బు మొదలైందని భావిస్తున్న పందుల ఫారం అక్కడికి చాలా దూరంలో, ఇంగ్లండ్ ఉత్తర కొసన ఉంది. అక్కడ పందులు జబ్బుపడ్డా యజమాని అధికారులకు తెలియజేయలేదు. ఈలోగా జబ్బు దగ్గర్లోని ఇంకో ఫారం గొర్రెలకు అంటింది, ఆ గొర్రెలు మార్కెట్ల మీదుగా దేశమంతా తిరిగాయి. గొర్రెల్లో ఈ జబ్బు లక్షణాలు తేలిగ్గా కనిపించవు. 23న పశువుల రవాణా ఆపేసే నాటికే 50కి పైగా ఫారాలకు అంటుకుపోయింది. చివరికి 60 లక్షలకు పైగా పశువులను చంపాల్సి వచ్చింది. మొదటి ఫారం నుంచి ఒక్క ఫోన్ రెండు వారాల ముందు వచ్చి ఉంటే చరిత్ర ఇంకోలా ఉండేది. ఆ ఫోన్ రాకపోవడం ఒక మనిషి తప్పు మాత్రమే అంటే నేను ఒప్పుకోను. చెప్పినవాడికి ఏం జరుగుతుందన్న భయం ఉన్న ప్రతిచోటా అలాంటి ఫారాలు ఉంటాయి.

ఇక మీవాళ్లు తెల్లారేసరికి పశువులను అమ్మకానికి తోలడం. మీ మాటల్లో వాళ్ల మీద కొంచెం కోపం కనిపించింది. ఒక్కసారి వాళ్ల వైపు నుంచి చూడండి. 'ప్రమాదకరమైన జబ్బు వచ్చింది, జాగ్రత్త' అని మైకులో విన్నారు. జాగ్రత్త అంటే ఏం చేయాలి? పశువును ఎక్కడ కట్టేయాలి, మేత ఎవరు తెస్తారు, పాలు ఏం చేయాలి, ఎన్నాళ్లు? ఇవేవీ ఆ మాటలో లేవు. ఆస్తి పోతుందన్న భయం ఒక్కటే చేరింది. ఆస్తి పోతుందంటే ఎవరైనా ముందు అమ్ముకోవడానికే చూస్తారు. చేయాల్సిన పని చెప్పకుండా హెచ్చరిక ఒక్కటే ఇస్తే ఎక్కడైనా జరిగేది ఇదే.

మలేసియాలో 1998-99లో పందుల నుంచి మనుషులకు నిపా వైరస్ వచ్చినప్పుడు కూడా ఇలాగే అయింది. పందుల పెంపకందారులకు మెదడువాపు వస్తుంటే అది దోమల వల్ల వచ్చే జపనీస్ మెదడువాపు అనుకున్నారు. దోమల మందు కొట్టారు, టీకాలు వేశారు. జనం మాత్రం వేరే విషయం గమనిస్తూనే ఉన్నారు. జపనీస్ మెదడువాపు ఎక్కువగా పిల్లలకు వస్తుంది. ఇక్కడ పడిపోతున్నది పందులను పట్టుకుని పనిచేసే పెద్దవాళ్లు. టీకా వేయించుకున్నవాళ్లకూ వస్తోంది. ఆ మాటలకు విలువ దక్కడానికి నెలలు పట్టింది. ఈలోగా భయంతో పందులను అమ్మేశారు, జబ్బు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పోయింది, అక్కడి నుంచి సింగపూర్ కబేళాలకు చేరి 11 మందికి అంటింది, వాళ్లలో ఒకరు చనిపోయారు. 1999 మార్చిలో చువా కా బింగ్ అనే వైద్యుడు కొత్త వైరస్‌ను పట్టుకున్నాకే దారి మారింది. మలేసియాలో 265 మందికి జబ్బు వచ్చి 105 మంది చనిపోయారు, 10 లక్షలకు పైగా పందులను చంపారు. పందుల దగ్గర పనిచేసేవాళ్లను కూర్చోబెట్టి, 'మీకేమనిపిస్తోంది?' అని తొలి వారాల్లోనే గట్టిగా అడిగి, చెప్పింది నమ్మి ఉంటే ఎన్ని ప్రాణాలు దక్కేవో అని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ల్యాబ్ రిపోర్టు వచ్చేదాకా నోరు విప్పొద్దన్న మాట గురించి. పైవాళ్ల భయం నాకు అర్థమవుతుంది. జబ్బు పేరు తొందరపడి చెప్పి అది తప్పని తేలితే నష్టం నిజమే. కానీ పేరు చెప్పకపోవడం వేరు, ఏమీ చెప్పకపోవడం వేరు. 'ఏమీ లేదు, భయపడొద్దు' అనడం ఈ రెండింటికంటే ప్రమాదం. బ్రిటన్‌లోనే పిచ్చి ఆవు వ్యాధి వచ్చినప్పుడు, 1990లో అక్కడి వ్యవసాయ మంత్రి కెమెరాల ముందు తన చిన్న కూతురికి గొడ్డుమాంసం బర్గర్ ఇచ్చి, అంతా క్షేమమే అన్నట్టు చూపించారు. 1996 మార్చి 20న అదే ప్రభుత్వం, ఈ జబ్బు బహుశా మనుషులకు సోకిందని పార్లమెంటులో చెప్పాల్సి వచ్చింది. తర్వాత విచారణ జరిపిన లార్డ్ ఫిలిప్స్ 2000లో ఇచ్చిన నివేదికలో తేల్చినదేమిటంటే: ప్రభుత్వం అబద్ధం చెప్పలేదు, ముప్పు చాలా తక్కువని నిజంగానే నమ్మింది, జనం కంగారుపడకుండా చూడాలన్న తాపత్రయంతో ధైర్యం చెప్పుకుంటూ పోయింది, అదే పొరపాటైంది, చివరికి జనం మోసపోయామనుకున్నారు. ఈ తీర్పును ప్రతి పశువైద్యశాల గోడ మీద రాయాలని నా కోరిక. అబద్ధం చెప్పకపోయినా నమ్మకం పోతుంది. ఖాయంగా తెలియనిదాన్ని ఖాయం అన్నట్టు చెబితే చాలు.

అందుకని రిపోర్టు రాకముందు ఇలా మాట్లాడవచ్చని పైవాళ్లను ఒప్పించండి: 'ఫలానా చోట కొన్ని పశువులకు నోట్లో, గిట్టల మధ్య పొక్కులు వచ్చాయి. ఏ జబ్బో ఇంకా తేలలేదు. శాంపిల్ పంపాం. అంటుకునే జబ్బయ్యే అవకాశం ఉంది కాబట్టి తేలేదాకా పశువులను బయటికి తోలకండి, కొత్తవాటిని తేకండి, ఒకరి కొట్టంలోకి ఇంకొకరు వెళ్లకండి. రేపు సాయంత్రం ఆరు గంటలకు మళ్లీ ఇక్కడే చెబుతాను.' ఇందులో తెలిసింది ఉంది, తెలియంది ఉంది, చేయాల్సింది ఉంది, మళ్లీ ఎప్పుడు మాట్లాడతారో ఉంది. జబ్బు పేరు మాత్రం లేదు. పైవాళ్లకు అభ్యంతరం ఉండాల్సిన పని లేదు. ఆ 'రేపు ఆరు గంటలు' చాలా ముఖ్యం. కొత్త కబురు ఏమీ లేకపోయినా ఆ టైముకు వెళ్లి 'ఇంకా రాలేదు' అని చెప్పి రండి. మీరు రాని సాయంత్రం పుకారు వస్తుంది.

జనం అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒక్కటే: 'ఇది మనుషులకు వస్తుందా?' మనం మాత్రం వైరస్ పేరు, కుటుంబం, అది వ్యాపించే విధానంతో మొదలుపెడతాం. ఈ ప్రశ్నకు జవాబు దొరికేదాకా వాళ్ల చెవికి ఇంకేమీ ఎక్కదు. అన్ని జబ్బులకూ ఒకే జవాబు లేదు కాబట్టి దేనికి దానికి ముందే సిద్ధంగా పెట్టుకోండి. గాలికుంటు మనుషులకు ముప్పు కాదు. పశువుల ఒంటి మీద గడ్డలు లేచే లంపీ స్కిన్ మనుషులకు రాదు, పందులకు వచ్చే ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ కూడా రాదు. అయితే మన చెప్పులు, బట్టలు, వాహనాల మీదుగా కొన్ని జబ్బులు ఇంకో కొట్టానికి చేరతాయి. ఈ రెండో మాట కూడా వెంటనే చెప్పాలి, లేకపోతే 'మనకేం కాదటలే' అనుకుని అందరూ జబ్బు పశువును చూడటానికి వస్తారు. బర్డ్ ఫ్లూ మనుషులకు అరుదుగా వస్తుంది, వస్తే మాత్రం ప్రమాదకరం. జబ్బు పక్షులను ముట్టుకోవడం, కోయడం దగ్గరే అసలు ముప్పు ఉంది. మాంసం, గుడ్లు లోపలిదాకా బాగా ఉడికితే వైరస్ చస్తుంది. రేబిస్ లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు. కాబట్టి కరిచిన వెంటనే సబ్బుతో 15 నిమిషాలు కడగడం, అదే రోజు టీకాకు వెళ్లడం గురించి ఏ మొహమాటం లేకుండా గట్టిగా చెప్పాలి. అక్కడ భయపెట్టినా తప్పులేదు.

ఆంత్రాక్స్ విషయంలో, అంటే దొమ్మ రోగం విషయంలో, 'చచ్చిన పశువును కోయొద్దు' అని మనం ఆదేశంలా చెబుతాం. తిండి కోసమో, చర్మం కోసమో కోసేవాళ్లకు ఆ ఆదేశం అర్థం లేనిదిగా కనిపిస్తుంది. కారణం చెప్పి చూడండి. కోస్తే రక్తంలోని క్రిములకు గాలి తగులుతుంది, గాలి తగిలితే అవి గట్టి పెంకులాంటి రూపం తీసుకుని నేలలో కలుస్తాయి, అలా దశాబ్దాలు బతికి ఉంటాయి. మీ పిల్లల పశువులు మేసే నేల అది. ఇలా చెబితే ముసలివాళ్లే ముందుకొచ్చి, ఫలానా చోట అప్పట్లో పశువులు చచ్చాయని గుర్తుచేస్తారు. ఆ జ్ఞాపకం పోతే ఏమవుతుందో రష్యాలోని యమల్‌లో చూశాం. 1941 తర్వాత అక్కడ ఆ జబ్బు కనిపించలేదు. 2007లో రెయిన్‌డీర్‌లకు టీకాలు ఆపేశారు. 2016 ఎండాకాలంలో ఆ జబ్బు తిరిగొచ్చి 2 వేలకు పైగా రెయిన్‌డీర్‌లు చనిపోయాయి, పన్నెండేళ్ల పిల్లాడు చనిపోయాడు.

పేర్ల విషయంలోనూ జాగ్రత్త కావాలి. 2009లో కొత్త ఫ్లూకు 'స్వైన్ ఫ్లూ' అన్న పేరు పాకింది. అప్పటికే అది మనిషి నుంచి మనిషికి అంటుతోంది. అయినా ఈజిప్టులో దాదాపు 3 లక్షల పందులను చంపమని ఆదేశించారు. వాటి మీద బతికే పేద కుటుంబాలు రోడ్డున పడ్డాయి, జబ్బు మాత్రం ఆగలేదు. బ్రెజిల్‌లో 2017లో ఎల్లో ఫీవర్ ప్రబలినప్పుడు కొన్నిచోట్ల జనం కోతులను కొట్టి చంపారు. జబ్బును మోసేది దోమలు. అడవిలో కోతులు చనిపోతున్నాయంటే జబ్బు దగ్గరికి వచ్చిందని ముందుగా తెలుస్తుంది. మనల్ని హెచ్చరించే ప్రాణినే చంపుకున్నట్టయింది. మీరు మాట్లాడేటప్పుడు జబ్బుకు ఒక మనిషి పేరు, ఒక వాడ పేరు, ఒక కులం పేరు, ఒక జంతువు మీద నింద అంటకుండా చూడండి. 'ఫలానా వాళ్ల పశువుల దగ్గర మొదలైంది' అని ఒక్కసారి అన్నా అది ఏళ్ల తరబడి ఉండిపోతుంది. మీకు ఫోన్ చేసిన రైతు విషయంలో జరిగింది అదే కదా.

ఇప్పుడు మీటింగుల సంగతి. మనం మాట్లాడి వాళ్లు వినే మీటింగులు తగ్గించండి. వాళ్లు మాట్లాడి మీరు రాసుకునే మీటింగులు పెట్టండి. ఇది మర్యాద కోసం చెబుతున్న మాట కాదు. జబ్బులను పట్టుకోవడంలో పశువుల దగ్గర బతికేవాళ్లకు ఉన్న చూపు మన ల్యాబులకు ఉండదు. తూర్పు ఆఫ్రికాలో సోమాలీ పశుపాలకులు దోమల వల్ల పశువులకు వచ్చే రిఫ్ట్ వ్యాలీ జ్వరాన్ని 'సందిక్' అంటారు, ముక్కు నుంచి రక్తం కారడం అని దాని అర్థం. 2006-07లో అక్కడ ఆ జబ్బు వచ్చి తగ్గాక పరిశోధకులు వెళ్లి అడిగితే, వానలు ఎప్పుడు ముంచెత్తాయో, దోమలు ఎప్పుడు మూగాయో, పశువులు ఈసుకుపోవడం, అంటే గర్భం పోవడం, ఎప్పుడు మొదలైందో వాళ్లు వరుసగా చెప్పగలిగారు. అధికారికంగా హెచ్చరికలు అందకముందే వాళ్లకు తేడా తెలిసింది. వాళ్ల దగ్గర కబురు ఉంది, దాన్ని తీసుకోవడానికి మనిషి లేడు.

అలాంటి మనిషి ఉన్నచోట ఏం జరిగిందో కూడా చరిత్రలో ఉంది. వేల ఏళ్లు పశువులను తుడిచిపెట్టిన రిండర్‌పెస్ట్ ఇప్పుడు భూమ్మీద లేదు. 2001లో కెన్యాలో చివరిసారి కనిపించింది, 2011లో పూర్తిగా పోయిందని ప్రకటించారు. మశూచి తర్వాత మనిషి నిర్మూలించిన జబ్బు ఇదొక్కటే. చివరి మజిలీ చాలా కష్టమైంది. యుద్ధాలు జరుగుతున్న, రోడ్లు లేని, డాక్టర్లు వెళ్లలేని ప్రాంతాల్లో పశుపాలకుల మందల్లో అది దాక్కుంది. వేడికి త్వరగా పాడవని టీకా తయారైంది. దాన్ని మోసుకెళ్లి వేసింది ఎక్కువగా ఆ సమాజాలే తమలో నుంచి ఎన్నుకున్న మనుషులు. కొద్ది వారాల శిక్షణ మాత్రమే తీసుకున్నవాళ్లు. వాళ్లలో చాలామందికి చదవడం, రాయడం రాదు. ఏ మంద ఎటు పోతుందో వాళ్లకు తెలుసు, వాళ్లు చెబితే జనం విన్నారు. డిగ్రీ ఉన్న మనం చేయలేకపోయింది వాళ్లు చేశారని చెప్పడానికి పశువైద్యుడిగా నాకు ఏ సంకోచమూ లేదు.

అందుకే మీ మొదటి మీటింగులో నేల మీద ఒక మ్యాప్ గీయమనండి. పశువులు ఎక్కడ నీళ్లు తాగుతాయి, ఎక్కడ కలిసి మేస్తాయి, ఎద పశువును ఎవరి దగ్గరికి తోలుకుపోతారు, కొనేవాడి బండి ఎన్ని కొట్టాల ముందు ఆగుతుంది, దాణా లారీ ఎక్కడి నుంచి వస్తుంది, చచ్చిన పశువును ఎక్కడ వేస్తారు. గంటలో ఆ మ్యాప్ మీద జబ్బు నడిచే దారి వాళ్లకే కనిపిస్తుంది. మీరు నోటితో చెబితే ఉపన్యాసం అవుతుంది. వాళ్లే గీస్తే వాళ్ల మాట అవుతుంది. ఆ గీతల్లో మన దారి కూడా గీయించండి. టీకాలు వేస్తూ కొట్టం నుంచి కొట్టానికి తిరిగేది మనమే. చెప్పులు కడగకుండా, సూది మార్చకుండా తిరిగితే జబ్బును మోసేది కూడా మనమే. జనం ముందు ఆ మాట మీరే మొదట ఒప్పుకోండి. వాళ్లను కడుక్కోమని అడిగే హక్కు అప్పుడు వస్తుంది.

ఎవరిని పిలుస్తున్నారో కూడా చూసుకోండి. పశువు పేరు మీద ఉన్న మగమనిషి మీటింగుకు వస్తాడు. కానీ పొద్దున్నే పాలు పిండే ఆడమనిషికి పాలు తగ్గిన సంగతి, పొదుగు మీద పొక్కు సంగతి ముందుగా తెలుస్తుంది. మేతకు తోలుకెళ్లే పిల్లాడికి కుంటే పశువు ముందుగా కనిపిస్తుంది. వాళ్లకు వీలైన వేళ పెట్టండి, వేరేగా కూర్చోబెడితేనే మాట్లాడతారనుకుంటే అలాగే చేయండి. పశువుల వ్యాపారి, కబేళా మనిషి, పాలు పోయించుకునేవాడు, లారీ డ్రైవర్ కూడా రావాలి. మనవాళ్లు వీళ్లను దొంగల్లా చూస్తారు. ఒకే రోజు పది చోట్ల పశువులను చూసేది వాళ్లే, జబ్బు ఎటు పోతోందో అందరికంటే ముందు తెలిసేది వాళ్లకే. పట్టుకుంటామని బెదిరిస్తే దారి మార్చుకుంటారు, గౌరవంగా అడిగితే కబురు చెబుతారు.

రెండో మీటింగులో అసలు విషయం తేల్చుకోవాలి. ఎవరి పశువుకైనా అనుమానం వచ్చి ఫోన్ చేస్తే మిగతావాళ్లు ఆ ఇంటికి ఏం చేస్తారు? పశువులు కొట్టంలోనే ఉంటాయి కాబట్టి మేత, నీళ్లు ఎవరు తెచ్చి గుమ్మం దగ్గర పెడతారు? పాలు అమ్ముకోలేని రోజుల్లో ఆ ఇల్లు ఎలా గడుస్తుంది? పశువు చస్తే ఎక్కడ, ఎవరు, ఎంత లోతులో పూడుస్తారు? వీటికి జవాబులు వాళ్ల నోటి నుంచే రావాలి, రాసి అందరికీ చదివి వినిపించాలి. పరిహారం గురించి నిబంధనల్లో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఏ జబ్బుకు ఇస్తారు, దేనికి ఇవ్వరు, ఎన్నాళ్లు పడుతుంది. మీ చేతిలో లేనిదాన్ని మాట ఇవ్వకండి. 'నేను అడుగుతూనే ఉంటాను, ఏమైందో మీకు చెబుతూ ఉంటాను' అనడం మీ చేతిలో ఉంది. పరిహారం సరిగా, త్వరగా అందని చోట కబుర్లు ఆగిపోతాయని పైవాళ్లకు రాతపూర్వకంగా చెప్పండి. ఇది దయ చూపమని అడగడం కాదని, జబ్బును తొందరగా పట్టుకోవడానికి అయ్యే ఖర్చని నొక్కి రాయండి.

తర్వాత ఒక సాయంత్రం రిహార్సల్ చేయండి. ఒకరిని నిజంగా ఫోన్ చేయమనండి. మీ నంబర్ కలవకపోతే రెండో నంబర్ ఎవరిది? అక్కడ ఎవరు ఎత్తారు, ఏం అడిగారు, ఎంతసేపట్లో మనిషి వచ్చాడు? మొదటిసారి చేసినప్పుడు సగం పనులు జరగవు. జబ్బు లేని రోజున అవి బయటపడటమే మంచిది. ఫోన్ చేసినవాళ్లకు ఫలితం అందరికంటే ముందు, మీరే స్వయంగా చెప్పండి. జబ్బు కాదని తేలినప్పుడు ఇంకా తప్పకుండా చెప్పండి. 'ఏమీ కాదన్న కబురు కోసం పిలిచినా సరే, మళ్లీ పిలవండి' అనాలి. నేను ఆ గొర్రెల కాపరికి చెప్పకుండా పోగొట్టుకున్న మాట ఇది.

పుకార్లను చూసి కోప్పడకండి. ఒక నోట్‌బుక్ పెట్టుకుని విన్న ప్రతి పుకారునూ రాసుకోండి. 'టీకా వేస్తే పాలు ఎండిపోతాయి', 'టీకా వేస్తే ఈసుకుపోతాయి'. ప్రతిదాని వెనకా మనం జవాబివ్వని ప్రశ్న ఒకటి ఉంటుంది. టీకా వేశాక ఒకటి రెండు రోజులు కొంచెం జ్వరం రావచ్చు, పాలు కాస్త తగ్గవచ్చు. అది ముందే చెప్పి ఉంటే ఆ పుకారుకు కాళ్లు వచ్చేవి కావు. నిండు చూడి పశువు విషయంలో మీ డాక్టర్‌ను అడిగి తేల్చుకుని, టీకా వేసే ముందే యజమానికి వివరించండి.

మందను చంపాల్సిన రోజు వస్తే మాత్రం అమ్మా, ఆ రోజు ప్రణాళిక ఒక్కటే సరిపోదు. 2001 తర్వాత బ్రిటన్‌లోని కంబ్రియా ప్రాంతంలో పరిశోధకులు 54 మంది చేత 18 నెలల పాటు వారం వారం డైరీలు రాయించారు. రైతులు, పశువైద్యులు, డ్రైవర్లు, చంపే పనిలో పాల్గొన్నవాళ్లు కూడా అందులో ఉన్నారు. పీడకలలు, ఆ దృశ్యాలు పదే పదే కళ్ల ముందుకు రావడం, మళ్లీ వస్తుందన్న భయం, అధికారుల మీద పోయిన నమ్మకం, ఇవే వాటి నిండా ఉన్నాయి. ఆ యజమాని దగ్గర మీరు నిలబడాల్సి వస్తే తొందరపెట్టకండి. ఏం జరగబోతోందో, ఎవరు వస్తారో, ఎంతసేపు పడుతుందో ముందే చెప్పండి. చూడకుండా లోపల ఉండే వీలు ఇవ్వండి, ఉండి చూస్తానంటే ఉండనివ్వండి. పశువులను సంఖ్యలుగా పలకకండి. వారం తర్వాత మళ్లీ వెళ్లండి. మీ సొంత మనసు బరువెక్కితే దాన్ని కూడా ఎవరితోనైనా చెప్పుకోండి, డైరీలు రాసినవాళ్లలో మనలాంటివాళ్లూ ఉన్నారు.

ఇవన్నీ ఒక్క నెలలో కావు. ఈ వారం ఒక్క పని చేయండి. ఆ రైతు ఇంటికి వెళ్లండి, ఫైలు లేకుండా, యూనిఫాం లేకుండా. ఏడాదిగా రాలేకపోయినందుకు క్షమించమని అడగండి. పోయినేడాది ఆ మొదటి పశువులో ఆయన ఏం గమనించారో, ఎందుకు ఫోన్ చేయాలనిపించిందో చెప్పమని అడిగి రాసుకోండి. ఆ తర్వాత ఏ సాయం దొరికి ఉంటే బాగుండేదో కూడా అడగండి. ఒప్పుకుంటే మొదటి మీటింగులో మీకంటే ముందు ఆయనే మాట్లాడనివ్వండి. ఒప్పుకోకపోతే బలవంతం చేయకండి, ఆయన చెప్పినవి పేరు లేకుండా ప్రణాళికలో చేర్చండి. వచ్చేటప్పుడు కొట్టంలోకి అడుగుపెట్టే ముందు చెప్పులు కడుక్కుని, ఆయన పశువులు ఇప్పుడెలా ఉన్నాయో చూసి రండి.